నోరా వంటగదిలో రెండు మేకులు

ఐర్లండ్ వచ్చిన కొత్తలో మేము అద్దెకున్న ఇంటావిడ నోరా వంటగది గోడమీద ఉండే ఫోటో పోయిన నెలలో మా ఇంటికి వచ్చింది. ఆమె మేనకోడలు షానన్ నుంచి మేముండే లూకన్ దాకా కారు నడుపుకుంటూ వచ్చి, పాత తువ్వాలులో చుట్టిన ఫ్రేమును నా చేతుల్లో పెట్టింది. ఇల్లు అమ్మేస్తున్నారట. ఇది ఇండియా నర్సమ్మకి చేరాలని అత్త ఎప్పుడో చెప్పిపెట్టిందట. ఆ నర్సు, అంటే నా భార్య సుగుణ, పోయి ఏడాది కావస్తోందని ఆమెకు తెలుసు. అందుకే గుమ్మంలోనే నిలబడి, తేవాలా వద్దా అని చాలా ఆలోచించానంది. లోపలికి రమ్మన్నాను. టీ తాగింది. నోరాకి చివర్లో ఎవరున్నారో ఎవరు లేరో గుర్తుండేది కాదనీ, ఈ వేసవిలో నిద్రలోనే వెళ్ళిపోయిందనీ చెప్పింది. వెళ్ళేటప్పుడు ఇల్లంతా ఒకసారి చూసి, గ్రాండ్‌గా పెట్టుకున్నారు అంది. అది మర్యాద కోసం అన్న మాట. ఇల్లు అలా ఏమీ లేదు.

తువ్వాలు విప్పాను. ఆయన అలాగే ఉన్నాడు. పక్క పాపిడి, ఒత్తైన జుట్టు, ఒకవైపుకి వంగిన చిరునవ్వు. నలుపు తెలుపు ఫోటోకి చేత్తో రంగులు వేసినట్టుండే పాత అచ్చు. అద్దం మీద జిడ్డు పొరలా పేరుకుంది. ఆ జిడ్డులో కొంత సుగుణ వేయించిన అప్పడాలది అయ్యుండాలి. నడి వయసులోనే చంపేశారు ఈయన్ని. పేరు రాయను. ఐర్లండ్‌లో పాతకాలపు వంటగది చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక గోడమీద క్రీస్తు హృదయం పటం, దాని కింద ఎర్రదీపం, ఆ పక్కనే ఈ అమెరికా అధ్యక్షుడు. ఈయన ముత్తాత కరువు రోజుల్లో ఇక్కడినుంచి ఓడెక్కి వెళ్ళినవాడు. అందుకని ఈ దేశంవాళ్ళు ఈయన్ని తమ ఇంటివాడిగానే లెక్కపెట్టుకున్నారు.

ఆ ఫోటో వచ్చిన రోజునుంచి దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. హాల్లో సోఫా మీద ఆనించాను. సాయంత్రానికి మెట్ల కిందికి మార్చాను. మర్నాడు గారేజీలో పెట్టి, గంటకే వెళ్ళి మళ్ళీ తెచ్చాను. నిజానికి ఈ ఏడాదంతా నేను అలాగే ఉన్నాను. ఒక కుర్చీలో కూర్చోలేను, కూర్చుంటే లేవడానికి ఏదో ఒక కారణం వెతుక్కుంటాను. పుస్తకం తీస్తే రెండో పేజీలో వదిలేస్తాను. ఎప్పుడూ చదువుతూ ఉండే మనిషిని. ఇప్పుడు అక్షరాలు కనిపిస్తాయి గాని లోపలికి పోవు. కారు తీసుకుని ఊరికి అటు చివరున్న లెపర్డ్స్‌టౌన్ దాకా వెళ్ళి, అక్కడి ఆఫీసుల మధ్య ఒక చుట్టు తిరిగి వచ్చేస్తాను. అక్కడ నాకు పనేమీ లేదు.

దీనికి తోడు కూడిక దగ్గర పడింది. మా గుంటూరు జిల్లా క్రైస్తవ కుటుంబాల్లో మనిషి పోయిన ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెడతారు. బంధువులు, సంఘంవాళ్ళు వస్తారు, పాటలు పాడతారు, ప్రార్థన చేస్తారు. తరవాత ఇంటివాళ్ళలో ఒకరు లేచి పోయినవాళ్ళ జీవిత చరిత్ర చెప్పాలి. ఆ తరవాతే భోజనాలు. కూడిక మా ఇంట్లోనే, శనివారం. నడిపించేది ప్రసాదరావు అన్నయ్య. వయసులో నాకంటే చాలా పెద్ద, మందుల కంపెనీలో సైంటిస్టుగా చేసి రిటైరైనవాడు, మేము ఈ దేశం వచ్చినప్పటినుంచీ మాకు సంఘ పెద్ద. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడుగుతున్నాడు.

"జీవిత చరిత్ర రాశావా తమ్ముడూ? పుట్టుక, బాప్తిస్మం, చదువు, పెళ్ళి, ఉద్యోగం, పదవులు. ఆ వరసలో రాయి. ఒక పేజీ చాలు."

ఒక పేజీ రాయలేకపోయాను. పుట్టింది, చదివింది, నన్ను చేసుకుంది, నర్సుగా చేరింది, నర్సుగానే పోయింది. ఆయన వరసలో రాస్తే అది అంతే. ఇంకొంచెం రాద్దామని కూర్చుంటే త్యాగమయి, ప్రేమమూర్తి లాంటి మాటలు వస్తాయి. అవి ఎవరికైనా సరిపోతాయి, అందుకని ఆమెకి సరిపోవు. కాగితం చింపి లేచి, ఆ ఫోటోని ఇంకో చోటికి మార్చేవాణ్ణి.

మా అమ్మాయి గ్రేస్ కార్క్ నుంచి సెలవు పెట్టి వచ్చింది. పుట్టింది షానన్ దగ్గరే, పెరిగింది లూకన్‌లో. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే, అదీ ఇక్కడివాళ్ళ యాసలో. వాళ్ళమ్మ ఫోటో ఏది పెద్దది చేయిద్దాం అని అడిగితే, స్టూడియోలో తీయించిన పట్టుచీర ఫోటో వద్దంది. "మమ్ హేటెడ్ దట్ వన్, డాడ్," అంది. మరి ఏది అంటే చెప్పలేకపోయింది. దండ వెయ్యడం ఆమెకి అసలు ఇష్టం లేదు. నాకూ లేదు గాని, వెయ్యకపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఇద్దరం ఆ మాట అక్కడే వదిలేశాం. గోడమీద సుగుణ లేకుండానే ఏడాది గడిచింది.

ఈ అధ్యక్షుడి మొహం మాత్రం ఇంట్లో ఎటు వెళ్ళినా ఎదురవుతోంది. చూసినప్పుడల్లా నోరా ఇల్లే.

మేము వచ్చిన కొత్తలో నాకు షానన్ ఫ్రీ జోన్ అనే పారిశ్రామికవాడలో, గుండె రక్తనాళాల్లోకి ఎక్కించే సన్నటి గొట్టాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. సుగుణకి లిమరిక్‌లో ఆసుపత్రి. అద్దె ఇల్లు దొరకడం అప్పుడూ కష్టమే. నోరా వాళ్ళింట్లో మేడమీద గది, వంటగది మాత్రం ఉమ్మడి. అప్పటికి ఆమె అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది, ఇంట్లో కూడా కోటు వేసుకునే తిరిగేది. వితంతువు అని వీధిలోవాళ్ళు ముందే చెప్పారు. పిల్లల్లేరు. పొద్దున్నే సోడా రొట్టె కాల్చేది. ఆ పుల్లటి పిండి వాసన, పొయ్యిలో పీట్ ఇటుకల, అంటే బురదనేలలో కోసి ఎండబెట్టిన మట్టిగడ్డల పొగ, రాత్రి ఉడికించిన క్యాబేజీ వాసన, ఈ మూడూ కలిసి మా దుప్పట్లలోకి కూడా ఎక్కేవి. మేమూ ఊరుకోలేదు. వేడినీళ్ళ ట్యాంకు ఉండే అల్మరాని ఇక్కడ హాట్ ప్రెస్ అంటారు, బట్టలు ఆరబెట్టుకునే చోటు. మెత్తబడిపోతోందని సుగుణ మా అమ్మ పంపిన చింతపండు తీసుకెళ్ళి అందులో పెట్టింది. ఆ వారం నోరా చర్చికి వేసుకెళ్ళిన బ్లౌజు చింతపండు వాసన కొట్టింది. ఆమె ఏమీ అనలేదు. మరుసటి వారం నీళ్ళు వేడిచేసే స్విచ్ ఆపడం సుగుణ మర్చిపోయినప్పుడు మాత్రం మేడ మెట్లెక్కి వచ్చి మరీ తిట్టింది. చింతపండు వాసన పోతుంది, కరెంటు బిల్లు పోదు అంది.

ఆ ఇంట్లో కదలకూడని సమయం ఒకటుండేది. పొద్దున వార్తల తరవాత స్థానిక రేడియోలో ఆ జిల్లాలో చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతారు. నోరా వేలు పైకెత్తేది. అంతే, నేను చెంచా కూడా కదపకూడదు. ఫలానా ఊరి ఫలానా మనిషి, ఫలానా చోట పనిచేసినవాడు, అంత్యక్రియలు ఫలానా చర్చిలో. ఒక్కో మనిషికి రెండు వాక్యాలు. కొత్తలో సుగుణకి అది అపశకునంలా అనిపించింది. పొద్దున్నే చావుకబుర్లేంటండీ అనేది. నెల తిరిగేసరికి ఆమే టీ కప్పు పట్టుకుని నోరా పక్కన కూర్చుని వినడం మొదలుపెట్టింది. ఆ ఊళ్ళ పేర్లన్నీ అలాగే నేర్చుకుంది.

ఇక ఫోటో సంగతి. మా ఇళ్ళలో గోడమీద ఫోటోలు రెండే రకాలు. ఒకటి పెళ్ళిది. రెండోది పోయినవాళ్ళది. వంటగదిలో, దీపం పక్కన, ఒంటరిగా ఒక మగమనిషి ఫోటో ఉందంటే అది ఆ ఇంటి యజమానిదే, పోయాడనే. అది మాకు అడిగి తెలుసుకోవలసిన విషయం కాదు. పైగా ఆ ఇంట్లో ఇంకే మగవాడి ఫోటో లేదు. నేను మాత్రం ఈ మొహం ఎక్కడో చూశానన్నాను. మీకు తెల్లవాళ్ళందరూ ఒక్కలాగే కనిపిస్తారులెండి అంది సుగుణ. ఆ అధ్యక్షుడి పేరు మాకు తెలియక కాదు. స్కూల్లో చదువుకున్న పేరే. పేరు తెలుసు, మొహం తెలియదు. తెలిసినా, నోరా వంటగదిలో ఆయనకేం పని అనుకునేవాళ్ళం.

ఒకరోజు గిన్నెలు తోముతూ సుగుణ ధైర్యం చేసి అడిగింది, అంత చిన్న వయసులో ఆయన ఎలా పోయారని. నోరా కెటిల్ కింద పెట్టి, "కాల్చేశారు కదా. కార్లో," అంది. అంతే. ఎవరికైనా తెలిసిన సంగతే అన్నట్టుగా. ఆ పూట సుగుణ మేడమీదికి వచ్చి తలుపు గడియ పెట్టింది. ఆ తరవాత చాలారోజులు కిటికీ తెర పక్కకి లాగి వీధిలోకి చూసేది. ఇది మంచి ఊరేనా అని నన్ను అడిగేది. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కర్ర కూడా పట్టుకోకుండా తిరుగుతున్నారు, మరి వీళ్ళాయన్ని తుపాకీతో ఎవరు కాల్చారు? నేను ఫ్యాక్టరీలో ఎవరినైనా కనుక్కుంటానన్నాను. కనుక్కోలేదు. వితంతువు ఇంటి విషయం పరాయివాళ్ళని ఎలా అడుగుతాం.

ఆ తరవాత నోరా తనంతట తానే చెప్పేది, సాయంత్రాలు టీ వేళ, ముక్కలు ముక్కలుగా. ఎప్పుడూ ఆయన అనే తప్ప పేరు చెప్పేది కాదు. చిన్నప్పటినుంచీ రోగిష్ఠి, మంచంలో పుస్తకాలు చదువుతూ పెరిగాడు. బతకడనుకుని ఎన్నోసార్లు ఫాదర్‌ని పిలిపించారు. వెన్ను నొప్పికి పరుపు కింద చెక్క వేసుకుని పడుకునేవాడు. ఇంటికి పెద్దకొడుకు వేరే, అందరి ఆశా వాడిమీదే. యుద్ధంలో విమానం పేలి వాడు పోయాడు. అప్పుడు తండ్రి ఆ బరువంతా తెచ్చి ఈయన నెత్తిన పెట్టాడు. పోయేముందు ఆ వేసవిలోనే పుట్టిన బిడ్డ కూడా రెండు రోజులకే పోయింది. ఇది చెప్పినప్పుడు నోరా కళ్ళు తుడుచుకుంది. సుగుణకి అప్పుడు ఐదో నెల. ఆ రోజునుంచి నోరాని బొగ్గు బకెట్ ఎత్తనిచ్చేది కాదు. నిండు మనిషివి నువ్వు ఎత్తకూడదని నోరా, బిడ్డని పోగొట్టుకున్నదానివి నువ్వు ఎత్తకూడదని పైకి అనకుండా సుగుణ, ఇద్దరూ చెరో పక్క పట్టుకుని మోసేవాళ్ళు.

నవంబరులో ఒక ఉదయం నోరా, వచ్చే వారం ఆయన పోయిన రోజు, ఎప్పటిలాగే చర్చిలో పూజ చెప్పిస్తాను అంది. ఒక్కతివే వెళ్తావా అని సుగుణ అడిగింది. ఇంకెవరొస్తారు, ఈ రోజుల్లో ఎవరికి పట్టింది అంది నోరా. ఆ మాట సుగుణని నిలవనివ్వలేదు. భర్త పోయినరోజున ఒక్క మనిషి కూడా రాని ఇల్లు ఆమె ఊహకి అందలేదు. నాతో కూడా సగమే చెప్పి, ప్రసాదరావు అన్నయ్యకి ఫోన్ చేసింది. లిమరిక్‌లో ఉన్న మన నర్సులకి చెప్పింది. మనవాళ్ళకి పిలుపు రావడమే ఆలస్యం. కొందరు డ్యూటీలు మార్చుకున్నారు.

ఆ రోజు నోరా పూజనుంచి తిరిగొచ్చేసరికి వాకిట్లో చెప్పుల గుట్ట. లోపల తెల్లచీరల్లో ఆడవాళ్ళు, టై కట్టుకున్న ప్రసాదరావు అన్నయ్య, పొయ్యిమీద మూతపెట్టిన బిర్యానీ. ఫోటో కింద స్టూలు వేసి, దానిమీద తెల్లగుడ్డ పరిచి, సూపర్‌మార్కెట్‌లో దొరికిన చామంతులు పెట్టారు. నోరాని తీసుకెళ్ళి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఏదో ఇండియా పండగ అనుకుందేమో, బుద్ధిగా కూర్చుంది. పాట పాడారు. తరవాత అన్నయ్య ఇంగ్లీషులో ప్రార్థన మొదలుపెట్టాడు. దుర్మార్గుల తూటాలకి భర్తను పోగొట్టుకుని, పసిబిడ్డను కూడా మట్టిలో పెట్టి, ఇన్నేళ్ళు ఒంటరిగా నిలిచిన ఈ సహోదరిని ఆదరించు తండ్రీ అన్నాడు. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. నేను తెరిచి చూశాను. నోరా కూడా తెరిచే ఉంది. ముందు ఫోటోవైపు, తరవాత చామంతులవైపు, తరవాత సుగుణవైపు చూసింది. ఆమెన్ అన్నాక అన్నయ్య కళ్ళద్దాలు సర్దుకుని, ఇప్పుడు సహోదరి తన భర్త జీవిత చరిత్ర చెప్తారని ప్రకటించాడు.

"ఆయన నా మొగుడనుకున్నారా మీరు?" అంది నోరా.

అందరి కళ్ళూ ఫోటోవైపు తిరిగాయి. బిర్యానీ మూత కింద ఆవిరి చప్పుడు మాత్రం వినిపించింది.

"ఆయన అమెరికా ప్రెసిడెంటమ్మా."

సుగుణ నావైపు తిరిగి, మీరు ఎక్కడో చూశానన్నారు కదండీ అంది, తప్పంతా నాదే అయినట్టు. తరవాత ఏడుపు మొదలైంది. ఆ ఏడుపు సిగ్గుతో కాదు, భయంతో. ఇల్లు ఖాళీ చెయ్యమంటుందని. ఐదో నెల కడుపుతో, శీతాకాలం మొదట్లో, ఇంకో గది ఎక్కడ వెతుక్కుంటాం. అన్నయ్య మొహం ఎర్రగా అయిపోయింది. ఒక నర్సు మెల్లగా వెళ్ళి చామంతులు తీసెయ్యబోయింది.

ఉండనీ అంది నోరా. కూర్చోండి అందరూ అంది. కోటు విప్పి కుర్చీకి తగిలించింది. ఆమెని కోటు లేకుండా నేను చూడటం అదే మొదటిసారి.

ప్రసాదరావు అన్నయ్య మొదలుపెట్టిన కార్యక్రమాన్ని మధ్యలో వదిలే మనిషి కాదు. అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు. అయితే అమ్మా, మీ భర్త గురించే చెప్పండి అన్నాడు. నోరా నోరు తెరిచింది, ఆగింది. ఆ అధ్యక్షుడి గురించి అయితే ముత్తాత ఓడ దగ్గరనుంచి ఆపకుండా చెప్పగలిగిన మనిషి. తన భర్త పేరు టామ్ అని చెప్పి ఆగిపోయింది. చాలాసేపటికి, షానన్ విమానాశ్రయంలో పనిచేసేవాడంది. విమానం ఆగాక దాని తలుపు దగ్గరికి మెట్ల బండి తోసేవాడు. అదే పని, చేరిన రోజునుంచి మానిన రోజు దాకా. ఊపిరితిత్తులు పాడై పోయాడు. ప్రెసిడెంటు ఈ దేశానికి వచ్చి, తిరిగి వెళ్ళింది షానన్ నుంచే. టామ్ తోసిన మెట్లే ఎక్కాడా అని ఊళ్ళో అందరూ అడిగేవాళ్ళట. "లేదు. ఆ రోజు టామ్ పన్ను నొప్పితో ఇంట్లో పడుకున్నాడు. నేను వెళ్ళి కంచె దగ్గర నిలబడి చెయ్యి ఊపొచ్చాను," అంది. ఎవరో నవ్వారు. నోరా కూడా నవ్వింది. రొట్టె ఎప్పుడూ మాడిన అంచే కోసుకునేవాడంది. వాన పడుతుందని చెప్తే పడేది కాదు, పడదంటే పడేది అంది. ఇంకా చెప్పబోయి ఆపేసి, పోయినప్పుడు రేడియోలో చదివారు, నేను కుర్చీ లాక్కుని కూర్చునేలోపే అయిపోయింది అంది.

మరి ఆయన ఫోటో ఎందుకు లేదు అని సుగుణ అడిగింది, ముక్కు తుడుచుకుంటూ. అడగకూడనిదే అడిగింది.

నోరా లేచి హాట్ ప్రెస్ దగ్గరికి వెళ్ళి, దుప్పట్ల కిందనుంచి చిన్న ఫోటో తెచ్చింది. పొట్టిగా, చెవులు పెద్దగా ఉన్న మనిషి, ఎండకి కళ్ళు చికిలించుకుని. "ఇతన్ని చూస్తూ వంట చెయ్యలేను. ఆయనైతే ఫరవాలేదు. ఆయన కోసం ఏడిస్తే దేశమంతా నాతో ఏడుస్తుంది," అంది.

ఆ సాయంత్రం ఆమె బిర్యానీ తింది, కారానికి కళ్ళనీళ్ళు కారుతుంటే పాలు తాగుతూ. అందరూ వెళ్ళాక నన్ను పిలిచి, ప్రెసిడెంటు పక్కన ఇంకో మేకు కొట్టమంది. కొట్టాను. కొంచెం వంకరగా దిగింది. టామ్ ఫోటో ఎప్పుడూ ఒక పక్కకి వాలే ఉండేది.

ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు. ఆ శీతాకాలమంతా, తను ఎవరి గురించి చెప్తోందో మాకు తెలిశాక, నోరా అసలు కథ చెప్పింది. ఆయన పైకి వచ్చిన కథ. ముత్తాత పీపాలు చేసే పనివాడు. తాత సారాయి దుకాణం పెట్టి, ఆ దుకాణంలోనే రాజకీయం నేర్చాడు. తండ్రి విపరీతంగా డబ్బు చేశాడు. అన్న పోయాక ఈయన సన్నగా, పాలిపోయి, ఓటు అడగాలంటే సిగ్గుపడుతూ, నొప్పి వెన్నుతో పేదల ఇళ్ళ మేడమెట్లు ఎక్కి దిగాడు. ఈ మెట్ల దగ్గర నోరా ప్రతిసారీ ఆగేది. తల్లి, చెల్లెళ్ళు ఆడవాళ్ళని టీకి పిలిచి, కప్పులు అందిస్తూ ఓట్లు సంపాదించారు. నోరాకి అన్నిటికంటే నచ్చింది అదే. కప్పు టీతో పెద్దింటివాణ్ణి ఓడించారు చూడు అనేది. క్యాథలిక్కు అంత పెద్ద కుర్చీలో కూర్చోలేడని అందరూ అన్నారు. టీవీలో ఎదుటివాడు చెమటలు తుడుచుకుంటుంటే ఈయన చల్లగా నిలబడ్డాడు. వెంట్రుకవాసిలో గెలిచాడు. ఆ ఏడాది నోరాకి పెళ్ళి. మనవాడు గెలిచాడని వీధిలో మంటలు వేసుకున్నారట.

తరవాత లూకన్ వచ్చాక ఆయన గురించి నేను పుస్తకాలు తెచ్చి చదివాను. తండ్రి డబ్బు ఎక్కడెక్కడ పనిచేసిందో, దాచిన రోగాలేవో, ఇంట్లో భార్య ఉండగా ఏం జరిగిందో. చదివింది సుగుణకి చెప్పి, పాపం నోరాకి ఇదంతా తెలియదు అన్నాను. సుగుణ కూర తరుగుతూ తల ఎత్తకుండా, "తెలియదనుకుంటున్నారా?" అంది.

ఆ పుస్తకాలన్నిట్లో ఒకటే దారి. కింద మొదలై పైకి వెళ్ళడం. ఏ పేజీ తీసినా ముందు పేజీకంటే ఎత్తులో ఉంటాడు. అలాంటి జీవితం చెప్పడం తేలిక, వినడం తేలిక. సుగుణని వార్డు మేనేజర్‌గా తీసుకుంటామని రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ వద్దంది. కుర్చీలో కూర్చుని డ్యూటీలు వెయ్యడం నావల్ల కాదండీ అంది. నాకు నచ్చలేదు, చెప్పాను కూడా. ఆమె విన్నది, వినేసి పనికి వెళ్ళింది. ఇప్పుడు అన్నయ్య పదవులు అని అడిగితే, అక్కడ రాయడానికి ఏమీ లేదు. అప్పట్లో ఒక వంటగదిలో పదిమంది చెప్పులు విప్పుకుని కూర్చుంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పేవారు. ఇప్పుడు మా లూకన్ ఎస్టేట్‌లో తెలుగు ఇళ్ళు ఎన్నో ఉన్నాయి, మంచి చెడ్డ అన్నీ వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మతో అయిపోతాయి. నన్ను నేను కూడా అందులోనే కలుపుతున్నాను. సుగుణ పోయినప్పుడు వచ్చిన ఆ బొమ్మలన్నిటికీ నేనూ బొమ్మతోనే జవాబు ఇచ్చాను.

శనివారం పొద్దున లేచేసరికి వంటగదిలో సుత్తి చప్పుడు. గ్రేస్ కుర్చీ ఎక్కి ప్రెసిడెంటుని తగిలించింది. కొంచెం జరిగి, పక్కన ఇంకో మేకు కూడా కొట్టింది. ఈ కథ చిన్నప్పటినుంచీ నేను తనకి చెప్తున్నదే. రెండో ఫోటో ఏమైందని అడిగింది. టామ్ ఫోటోని నోరా చేతిలో పెట్టి శవపేటిక మూసేశాం అని మేనకోడలు చెప్పిన మాట చెప్పాను. గ్రేస్ సుత్తి పక్కన పెట్టి కుర్చీ దిగింది. తరవాత ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది. సుగుణ యూనిఫాంలోనే, ఇదే వంటగదిలో, చేతిలో కప్పు, ఏదో చెప్పబోతూ నోరు సగం తెరిచి, ఒక కన్ను మూసుకుపోయి. ఎవరైనా చెరిపేసే ఫోటో. సరే అన్నాను. వీధి చివర ప్రింట్ చేసే చోటు ఉంది. తెచ్చి తగిలించాం. దండ వెయ్యలేదు.

మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. కొత్తగా వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు వంటగదిలో ఫోటోల ముందు నిలబడి, ఈయనెవరంకుల్, ఆంటీకి వైద్యం చేసిన డాక్టరా అని అడిగాడు. ప్రసాదరావు అన్నయ్య విని, చేతికర్ర నేలకి ఆనించి, "అడిగి తెలుసుకున్నావు, బాగుపడతావు," అన్నాడు. పాత నర్సులిద్దరు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు.

పాట అయింది, ప్రార్థన అయింది. జీవిత చరిత్ర అన్నాడు అన్నయ్య. లేచాను. చేతిలో కాగితం లేదు.

"సుగుణ ఎప్పుడూ టీ పూర్తిగా తాగలేదు," అన్నాను.

ఇంకేం చెప్పాలో తోచక నిలబడ్డాను. వెనకనుంచి ఒకావిడ, మా వార్డులో ఆ కప్పులన్నీ నేనే కడిగేదాన్నండీ అంది. ఎవరో బెల్ కొడితే కప్పు ఎక్కడుంటే అక్కడ వదిలేసి పోయేదంది. కిటికీలో, ఫైళ్ళ మీద, ఒకసారి లిఫ్ట్‌లో. ఇంకొకరు అందుకున్నారు. మేనేజర్ పోస్టు వద్దన్నది అందుకేనని, మీటింగుల్లో కూర్చుంటే బెల్ వినపడదని తనతో అన్నదని చెప్పారు. నాకా మాట తెలియదు. నాతో ఎప్పుడూ అనలేదు. అన్నయ్య మధ్యలో ఆపి తేదీలు అడుగుతాడనుకున్నాను, అడగలేదు.

చివర్న గ్రేస్ గోడకి ఆనుకునే మాట్లాడింది. నైట్ డ్యూటీ చేసి వచ్చాక అమ్మ వెంటనే లోపలికి వచ్చేది కాదని చెప్పింది. డ్రైవ్‌వేలో కారు ఆపుకుని, ఫోన్‌లో షానన్ వైపు రేడియో పెట్టుకుని, చనిపోయినవాళ్ళ పేర్లు చదవడం అయ్యేదాకా కూర్చునేదట. స్కూలుకి వెళ్తూ తను రోజూ చూసేదట. కారు అద్దం తడితే వేలు పైకెత్తేదట. "ఐ థాట్ యూ న్యూ, డాడ్," అంది.

నాకు తెలియదు. ఆమె ఆలస్యంగా వచ్చిన ప్రతిరోజూ ట్రాఫిక్ అనుకున్నాను.

ఆదివారం దాటాక, గ్రేస్ కార్క్ వెళ్ళిపోయాక, పొద్దున కారెక్కాను. లెపర్డ్స్‌టౌన్ పోదామనే ఎక్కాను. తాళం తిప్పకుండా ఫోన్‌లో ఆ రేడియో వెతికి పెట్టాను. వార్తలు అయ్యాయి. మెల్లటి ఆడగొంతు చదవడం మొదలుపెట్టింది. ఫలానా ఊరి ఫలానా మనిషి. బడిలో వంట చేసినావిడ. విమానాశ్రయంలో పనిచేసినాయన. ఏదో ఒకరోజు నోరా పేరు వస్తుందని సుగుణ వినేదేమో. ఆ పేరు రాకముందే తనే వెళ్ళిపోయింది, వచ్చిన రోజున వినేవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరు. నాకు తెలిసిన పేరు ఒక్కటి కూడా లేదు. చదవడం అయ్యేదాకా కూర్చున్నాను. తరవాత కారు దిగి లోపలికి వచ్చాను.